షేతు గురించి తెలుసుకోవాలంటే ఏ గ్నాస్టిక్ గ్రంథంతో మొదలుపెట్టాలి?

బైబిల్లో షేతుకు దక్కిన చోటు బెత్తెడు. ఆదికాండం 4వ అధ్యాయం చివర రెండు వచనాలు, 5వ అధ్యాయం మొదట్లో ఆరు, ఆ పైన వంశావళుల వరసలో ఒక పేరు. ఆదాము, హవ్వల కొడుకు. అన్న హేబెలు హతమయ్యాక పుట్టాడు, 105వ ఏట ఎనోషును కన్నాడు, 912 ఏళ్లు బతికి చనిపోయాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటి కూడా రాసిలేదు.

అలాంటి షేతును క్రీస్తు శకం 2, 3 శతాబ్దాల గ్నాస్టిక్కులు తమ వంశకర్తగా, మూడుసార్లు దిగివచ్చే రక్షకుడిగా నిలబెట్టుకున్నారు. (గ్నోసిస్ అంటే గ్రీకులో జ్ఞానం. రహస్య జ్ఞానంతోనే విడుదల అని నమ్మినవాళ్లు గ్నాస్టిక్కులు. మన 'జ్ఞానం' మాటకీ దానికీ మూలధాతువు ఒకటే. 'నాస్టిక్' అని కూడా రాస్తుంటారు గానీ చదివేవాళ్లు నాస్తికులనుకుంటారు. గకారం ఉంచి రాయడమే మంచిది.)

1945లో ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర పాత కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల భాష) పుస్తకాలు బయటపడ్డాయి: 12 కోడెక్సులు (ఆకులు కుట్టిన రాతప్రతులు), పదమూడోదాని నుంచి కొన్ని ఆకులు, మొత్తం 52 గ్రంథాలు. వాటిలో షేతు సంప్రదాయానివని పండితులు లెక్కగట్టేవి పదికి పైనే ఉన్నాయి. ఈ లెక్కకు బాట వేసింది 1970లలో హాన్స్-మార్టిన్ షెంకె అనే జర్మన్ పండితుడు. ఆ గ్రంథాలు మాత్రం తమవాళ్లను 'షేతు విత్తనం', 'కదలని తరం', 'రాజులేని తరం' అని పిలుచుకుంటాయే తప్ప 'షేతువాదులం' అని చెప్పుకోవు.

మరి ఏది ముందు పట్టుకోవాలి? చాలామంది రెండు దారుల్లో ఒకటి తొక్కుతారు. పేరులో షేతు ఉన్న పుస్తకం తెరుస్తారు, లేదా అందరూ చెప్పేదే కదా అని 'యోహాను రహస్య గ్రంథం' తెరుస్తారు. మొదటి దారిలో మోసపోవడం ఖాయం. రెండో దారిలో సగంలోనే అలసిపోతారు. షేతు కోసమే వచ్చినవాళ్లకు మా సలహా ఒకటే: 'ఆదాము ప్రకటన'తో మొదలుపెట్టండి.

ముందు 'విత్తనం' సంగతి

ఏ గ్రంథం ఎంచుకున్నా ఈ ఒక్క మాట తెలియకపోతే తలుపు తెరుచుకోదు. ఆదికాండం 4:25లో హవ్వ, హేబెలుకు ప్రతిగా దేవుడు తనకు 'మరియొక సంతానము'ను ఇచ్చాడంటుంది. తెలుగులో 'సంతానము' అని ఉన్నచోట హీబ్రూలో ఉన్నది 'జెరా', అంటే విత్తనం. గ్రీకు పాత నిబంధన అయిన సెప్టువజింటులో అది 'స్పెర్మా హెటెరోన్', వేరొక విత్తనం. తెలుగు అనువాదంలో తప్పేమీ లేదు, అర్థం అదే. కాకపోతే సంతానం అనగానే విత్తనం కంటికి కనబడకుండా పోతుంది, గ్నాస్టిక్కుల పంటంతా పండింది ఆ విత్తు మీదే.

'మరొకటి' అంటే మామూలుగా ఇంకొకటి అని. వాళ్లు దాన్ని 'వేరే రకానిది' అని చదివారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదు కదా. షేతు విత్తు పైనుంచి వచ్చినది కాబట్టి ఆ వంశం ఈ లోకాన్ని ఏలేవాళ్లకు లోబడేది కాదన్నారు. షేతుకు 'అల్లోగెనేస్' అని ఒక పేరుంది, వేరే జాతివాడు అని అర్థం. తెలుగు బైబిల్ పక్కన పెట్టుకుని చదివేవాళ్లు 'సంతానము' కనబడ్డ ప్రతిచోటా 'విత్తనం' అని పెన్సిలుతో రాసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఆదాము ప్రకటన

ఐదో కోడెక్సులో ఐదో గ్రంథం, 64 నుంచి 85వ పుట దాకా. 22 పుటలే కాబట్టి ఒక సాయంత్రం చాలు. షేతు ఎవరో, ఎందుకు ముఖ్యమో ఇంత సూటిగా, కథ నడిపినట్టు చెప్పేది ఇంకొకటి లేదు. తండ్రి కొడుకుకు చివరి మాటలు చెబుతాడు, కొడుకు వింటాడు.

మొదటి వాక్యంలోనే తెలుగు పాఠకుడికి ఒక చిక్కు. ఆదాము తన కొడుకు షేతుకు ఇది '700వ సంవత్సరంలో' బోధించాడని ఉంటుంది. తెలుగు బైబిల్ తీసి చూస్తే ఆదాము 130వ ఏట షేతును కన్నాడు, ఆ తరువాత 800 ఏళ్లు బతికాడు. 700 ఎక్కడిది? తప్పు గ్రంథానిది కాదు. మన బైబిల్ హీబ్రూ లెక్కను అనుసరిస్తుంది, ఈ గ్రంథం రాసినవాళ్లు సెప్టువజింటు చదివినవాళ్లు. అందులో ఆదాము షేతును కన్నది 230వ ఏట, ఆ తరువాత బతికింది 700 ఏళ్లు. రెండు లెక్కల్లోనూ మొత్తం 930. అంటే షేతు పుట్టాక 700వ సంవత్సరం ఆదాముకు ఆఖరి సంవత్సరం, ఈ గ్రంథమంతా మరణశయ్య మీది మాట. ఆ అంకెను దాటేసి చదివితే గొంతులోని బరువే తెలియదు.

తరువాత వచ్చే ఒక మాట దగ్గర తప్పక ఆగాలి. గొప్ప తరానికి విత్తనమైన ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన పేరే నీకు పెట్టాననీ ఆదాము కొడుకుతో అంటాడు. అంటే షేతులు ఇద్దరు. పైన ఒకరు, ఆ పేరు పెట్టుకుని కింద పుట్టినవాడు ఒకరు. ఇది పట్టుకోకపోతే మిగతా గ్రంథాల్లో 'మహా షేతు' ఎదురైనప్పుడల్లా ఆదాము కొడుకే అనుకుని గందరగోళపడతారు.

ఆ పైన కథ మూడు మెట్లు ఎక్కుతుంది. జలప్రళయం వస్తుంది, తరువాత గంధకంతో నిప్పు కురుస్తుంది, చివరికి 'వెలుగునిచ్చేవాడు' వస్తాడు. ఆదికాండం తలకిందులైనట్టు ఉంటుంది. ఇక్కడ వరద పంపే దేవుడు కింది లోకపు పాలకుడు, పైనుంచి దిగి ఆ విత్తనాన్ని కాపాడేవాళ్లు వేరు.

77వ పుట దాటాక వచ్చే భాగం మాకు ఈ సాహిత్యం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. ఆ వెలుగునిచ్చేవాడు ఎక్కడినుంచి వచ్చాడో 13 రాజ్యాలు తలా ఒక కథ చెబుతాయి. పక్షి ఒకటి పసివాడిని ఎత్తైన కొండ మీదికి తీసుకుపోయి పెంచిందని ఒకరు. కన్యను వెదకడానికి సొలొమోను దయ్యాల సేనను పంపాడని ఒకరు. ఆకాశం నుంచి భూమి మీదికి ఒక బొట్టు రాలిందని ఒకరు. మబ్బు వచ్చి బండను కమ్ముకుంటే పుట్టాడని ఇంకొకరు. ప్రతి కథా ఒకే మాటతో ముగుస్తుంది: 'అలా అతడు నీటి దగ్గరికి వచ్చాడు.' బుర్రకథలో వంతపాటలా ఆ పల్లవి మళ్లీమళ్లీ వస్తుంది. పదమూడూ అయ్యాక 'రాజులేని తరం' నోరు విప్పుతుంది. వాళ్ల కథలో పక్షి లేదు, కొండ లేదు, మబ్బు లేదు. అన్ని యుగాల్లోంచి దేవుడు అతన్ని ఎంచుకున్నాడు, సత్యజ్ఞానం అతనిలో నిలిచింది, అంతే. ఈ భాగాన్ని బయటికి చదవాలి. కళ్లతో గబగబా చదివితే పట్టికలా కనబడుతుంది, గొంతుతో చదివితే పాటగా వినబడుతుంది.

లోపాలూ ఉన్నాయి. పుటల అడుగున వరసలు చెడిపోయాయి. కథ ఒకచోట రెండుగా చీలినట్టుంటుంది, రెండు మూలాలను కలిపి కుట్టారని కొందరు పండితులంటారు. వెలుగునిచ్చేవాడు యేసా, షేతేనా అన్నది గ్రంథం తేల్చదు. క్రైస్తవ గుర్తు సూటిగా ఒక్కటీ లేదు, అందుకే దీని వయసు మీద ఎడతెగని వాదం నడుస్తోంది. మొదటిసారి చదివేటప్పుడు ఆ వాదంలో దిగకండి.

యోహాను రహస్య గ్రంథం

ఎక్కువమంది దీనితో మొదలుపెట్టమనడానికి కారణముంది. ఇది నాలుగు ప్రతుల్లో దొరికింది: నాగ్ హమ్మాదిలో మూడు, 1896లో కైరోలో కొన్న బెర్లిన్ కోడెక్సులో ఒకటి. క్రీస్తు శకం 180 ప్రాంతంలో క్రైస్తవ బిషప్ ఐరేనియస్ ఇలాంటి బోధనే సంక్షేపించి ఖండించాడు. మొత్తం వ్యవస్థ, అంటే పైనున్న తండ్రి, ఆయన నుంచి మొదట వెలువడిన బార్బెలో, సోఫియా (జ్ఞానం అనే దివ్యశక్తి) తప్పటడుగు, కింది లోకాన్ని చేసిన యల్దబవోత్ పుట్టుక, ఆదాము సృష్టి, వరసగా ఇందులో ఉన్నాయి. సంఘచరిత్ర చదివేవాళ్లకు, ఐరేనియస్‌తో పోల్చి చూడాలనుకునేవాళ్లకు ఇదే సరైన మొదలు.

షేతు కోసం వచ్చినవాళ్లకు మాత్రం నిరాశ తప్పదు. రెండో కోడెక్సులో ఇది 32 పుటలు. షేతు కనబడేది 9వ పుటలో, మళ్లీ 24వ పుట చివర, 25వ పుట మొదట్లో. మొత్తం కలిపినా కొద్ది వరసలు. అయితే 9వ పుట చాలా విలువైనది. నాలుగు వెలుగులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి: అర్మోజెల్, ఓరియాయెల్, దవేయిథై, ఎలెలెత్. మొదటిదాంట్లో పరలోకపు ఆదాము, రెండోదాంట్లో షేతు, మూడోదాంట్లో షేతు విత్తనం, నాలుగోదాంట్లో ఆలస్యంగా పశ్చాత్తాపపడ్డవాళ్లు. కాగితం మీద నాలుగు గీతలు గీసి ఈ పేర్లు రాసిపెట్టుకోండి. మిగతా గ్రంథాలన్నీ ఈ పటం మీకు తెలుసన్నట్టే మాట్లాడతాయి.

24వ పుటలో కయీను, హేబెలు అనే పేర్ల వెనక ఎలోహీమ్, యావే అని ఇద్దరు పాలకులుంటారు, ఒకరిది ఎలుగుబంటి ముఖం, ఒకరిది పిల్లి ముఖం. ఆ తరువాతే ఆదాము తన పోలికలో షేతును కంటాడు. ఆదికాండం 5:3కి వీళ్లు రాసుకున్న భాష్యం ఇదే.

ప్రతులు రెండు రకాలు. రెండో, నాలుగో కోడెక్సుల్లో ఉన్నది పెద్ద పాఠం, మూడో కోడెక్సులోనూ బెర్లిన్‌లోనూ ఉన్నది చిన్నది. పెద్ద పాఠంలో 15 నుంచి 19వ పుట దాకా ఆదాము ఒంట్లో ఒక్కొక్క అవయవాన్ని చేసిన దూతల పేర్ల పట్టిక సాగుతుంది, మొత్తం 365 మంది. పుస్తకం మూసేసేది ఎక్కువమంది అక్కడే. మొదటిసారి ఆ నాలుగైదు పుటలు దాటేయండి. కథ ఎక్కడా తెగదు.

మహా అదృశ్య ఆత్మ పవిత్ర గ్రంథం

షేతు ఏం చేశాడని అడిగితే జవాబు ఇందులో ఉంది. ప్రళయం, అగ్ని, పాలకులకు తీర్పు అనే మూడింటి గుండా షేతు దాటివస్తాడు, చివరికి యేసును తొడుక్కుని దిగుతాడు. ఆదాము ప్రకటనలో పేరు చెప్పకుండా వదిలేసిన రక్షకుడికి ఇక్కడ పేరు దొరుకుతుంది. అందుకే దీన్ని దాని తరువాతే చదవమంటున్నాం.

60వ పుటలో విత్తనం సంగతి మళ్లీ వస్తుంది. మహా షేతు తన మొక్కను గొమొర్రా నుంచి తీసి రెండో చోట నాటి, ఆ చోటికి సొదొమ అని పేరు పెట్టాడని కొందరంటారట. నారు పీకి వేరే మడిలో నాటినట్టు. ఆదికాండంలో పాపానికి మారుపేరైన ఊరు ఇక్కడ షేతువారి నారుమడి. ఆదాము ప్రకటనలో గంధకం, నిప్పు ఎవరి మీద కురిశాయో, ఎందుకో ఈ పుట చదివాక తెలుస్తుంది.

మొదటి గ్రంథంగా మాత్రం వద్దు. ఇది బాప్తిస్మపు క్రతువుకు సంబంధించినది. పేర్ల వెంట పేర్లు, 'ఐదు ముద్రలు', స్తోత్రాలు. 44వ పుటలో గ్రీకు అచ్చులు ఏడూ ఒక్కొక్కటి 22 సార్లు వరసగా రాసి ఉంటాయి. అది అచ్చుతప్పు కాదు, ఉచ్చరించడానికి రాసినది. బీజాక్షరాలు, అక్షరోపాసన తెలిసినవాళ్లకు ఆ పుట అంత కొత్తగా అనిపించదు గానీ, రెండూ ఒకటేననే ముగింపుకు దూకకూడదు. మూడో కోడెక్సు ప్రతిలో 45 నుంచి 48 దాకా పుటలు పోయాయి, అనువాదకులు నాలుగో కోడెక్సు నుంచి ఆ ఖాళీ పూరిస్తారు. ఆ రెండు ప్రతులూ గ్రీకు నుంచి విడివిడిగా చేసిన అనువాదాలు. మధ్యలో మాటతీరు మారినట్టు అనిపిస్తే కారణం అదే.

ఈ గ్రంథాన్ని మహా షేతే 130 ఏళ్లలో రాసి కరక్సియో అనే కొండలో దాచాడని 68వ పుట చెబుతుంది.

షేతు మూడు శిలాఫలకాలు

ఏడో కోడెక్సులో చివరిది, 118 నుంచి 127వ పుట దాకా. పది పుటలు, పైగా నాగ్ హమ్మాది పుస్తకాల్లో అన్నిటికన్నా చెడకుండా మిగిలిన కోడెక్సు ఇదే. అర్థం కావడానికి అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. కథ లేదు. డోసిథియోస్ అనేవాడు ఫలకాల మీద చూసి గుర్తుపెట్టుకున్న మూడు స్తోత్రాలు. మొదటిది పరలోకపు ఆదాముకు, రెండోది బార్బెలోకు, మూడోది అన్నిటికీ పైనున్నవాడికి.

ఫలకాల ఊహ ఎక్కడిదో తెలిస్తే రుచి పెరుగుతుంది. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, షేతు సంతతివారు ఖగోళ విద్యను రెండు స్తంభాల మీద చెక్కారని రాశాడు. ఒకటి ఇటుకది, ఒకటి రాతిది. లోకం నీటితోనూ నిప్పుతోనూ నశిస్తుందని ఆదాము ముందే చెప్పాడు కాబట్టి, వరదకు ఇటుక కరిగినా రాయి నిలుస్తుందని రెండూ కట్టారట. గ్నాస్టిక్కుల చేతిలో అవి మూడయ్యాయి, ఖగోళ విద్య పోయి స్తోత్రం వచ్చింది.

చదివే పద్ధతి గ్రంథం చివర దానిలోనే ఉంది. మొదటి నుంచి మూడో ఫలకం దాకా ఎక్కాలి, అక్కడ మౌనం, తరువాత మూడు, రెండు, ఒకటి అని దిగిరావాలి. ఎక్కే దారే దిగే దారి అంటుంది. ఒకసారి ఆ వరసలో చదివి చూడండి. 'నేను' అని మొదలైన స్తోత్రం 'మేము'గా మారడం గమనిస్తే, ఇది ఒంటరి సాధకుడి రాత కాదనీ నలుగురు కలిసి పలికినదనీ తెలుస్తుంది. ప్లేటో సంప్రదాయం మీద మక్కువ ఉన్నవాళ్లు దీని తరువాత పదకొండో కోడెక్సులోని 'అల్లోగెనేస్'కు వెళ్లవచ్చు. ఎనిమిదో కోడెక్సులోని 'జోస్ట్రియానోస్' 132 పుటలు, చాలాచోట్ల చిరుగులు, కాబట్టి ఆఖరికి ఉంచుకోండి. రోములో 3వ శతాబ్దపు తత్త్వవేత్త ప్లోటినస్ చుట్టూ ఉన్నవాళ్ల మధ్య ఈ రెండు పేర్లూ తిరిగాయని ఆయన శిష్యుడు పోర్ఫిరీ రాశాడు.

పేరు చూసి మోసపోయేవి

'మహా షేతు రెండో ప్రబంధం' ఏడో కోడెక్సులోనిది. షేతు కోసం దీన్ని తెరవకండి. పేరు చివర మాత్రమే ఉంది, లోపల షేతు ప్రస్తావనే లేదు. మాట్లాడేది క్రీస్తు. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను గురించి, క్రీస్తు పైనుంచి చూస్తూ నవ్వడం గురించి ఇందులో ఉంది. ఆ విషయం కావాలంటే చదవాల్సిందే. దీన్ని చదివి 'షేతువాదులు ఇలా నమ్మారు' అని రాయడం మాత్రం తప్పు.

అదే కోడెక్సులో మొదటిది 'షేము వివరణ'. తెలుగులో షేతుకీ షేముకీ ఒక్క అక్షరమే తేడా, పొరపాటు సులువు. ఇక 3వ శతాబ్దపు క్రైస్తవ రచయిత హిప్పోలిటస్ 'సేథియన్లు' అని వర్ణించినవాళ్ల బోధన వెలుగు, చీకటి, వాటి మధ్య ఆత్మ అనే మూడు మూలాల మీద నడుస్తుంది. పైన చెప్పిన నాలుగు వెలుగుల పటంతో అది కలవదు. ఈజిప్టు దేవత సెత్ పేరు గ్రీకులో ఇలాగే రాస్తారు కాబట్టి ఇద్దరూ ఒకటేననే మాట కూడా తరచూ వినబడుతుంది. ఈ గ్రంథాల షేతు ఆదికాండం నుంచి పుట్టినవాడు. అది వాటి ప్రతి పుటలోనూ కనబడుతుంది.

పుస్తకాల్లో కాక బతికున్న సంప్రదాయంలో షేతును చూడాలంటే ఇరాక్, ఇరాన్‌ల మాండియన్లు అనే చిన్న గ్నాస్టిక్ మత సమాజం దగ్గరికి వెళ్లాలి. వాళ్ల షితిల్ ఇతడే. చనిపోయినవారి ఆత్మను త్రాసులో షితిల్ ఆత్మతో తూస్తారని వాళ్ల నమ్మకం.

ఏ ఇంగ్లీషు అనువాదం?

ఒకే గ్రంథానికి మూడు పేర్లు ఉండటం ఇక్కడ పెద్ద తలనొప్పి. నాగ్ హమ్మాది గ్రంథాలకు జేమ్స్ రాబిన్సన్ సంపాదకత్వంలో వచ్చిన ఇంగ్లీషు సంపుటంలో 'అపోకలిప్స్ ఆఫ్ ఆడమ్' అన్నదే లేటన్, మేయర్ సంపుటాల్లో 'రివలేషన్ ఆఫ్ ఆడమ్'. పవిత్ర గ్రంథాన్ని రాబిన్సన్ 'గాస్పెల్ ఆఫ్ ది ఈజిప్షియన్స్' అంటాడు. అలెగ్జాండ్రియా క్లెమెంట్ ఉదహరించిన అదే పేరుగల సువార్త పూర్తిగా వేరు. మూడు ఫలకాలు లేటన్ దగ్గర 'టాబ్లెట్స్' అవుతాయి. కాబట్టి పేరుతో వెతక్కండి, కోడెక్సు అంకె, అందులో గ్రంథం అంకె చూసుకోండి. ఆదాము ప్రకటనకు ఐదు, ఐదు. యోహానుకు రెండు, ఒకటి. పవిత్ర గ్రంథానికి మూడు, రెండు. ఫలకాలకు ఏడు, ఐదు.

ఒక్కటే కొనగలిగితే, షేతు కోసమైతే బెంట్లీ లేటన్ 1987 సంపుటం కొనండి. నాగ్ హమ్మాదిలోనివన్నీ అందులో లేవు. కానీ ఈ సంప్రదాయపు ముఖ్య గ్రంథాలు చాలావరకు మొదటి భాగంలోనే ఒకచోట ఉన్నాయి, అడుగున వివరణలున్నాయి, ఐరేనియస్, పోర్ఫిరీ, 4వ శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ రాసిన భాగాలు కూడా చేర్చారు. అన్నీ కావాలనుకుంటే మార్విన్ మేయర్ సంపాదకత్వంలో 2007లో వచ్చినది. 2006లో వెలుగుచూసిన 'యూదా సువార్త' కూడా అందులో ఉంది. రాబిన్సన్ 1988 సవరణ ప్రతి గ్రంథాలయాల్లో తేలిగ్గా దొరుకుతుంది, పాఠం నమ్మదగినదే, కాకపోతే వివరణలు తక్కువ కాబట్టి కొత్తవాళ్లు తడుముకుంటారు.

ఏది చదివినా చదరపు కుండలీకరణాల మీద ఒక కన్ను వేసి ఉంచాలి. అవి ఉన్నచోట రాతప్రతి చిరిగిందని, లోపలున్నది సంపాదకుడి ఊహ అని అర్థం. యూదా సువార్తలో చీకటి పాలకుల పట్టికలో 'క్రీస్తు అని పిలవబడే షేతు' అని అచ్చయిన చోటు ఉంది. అక్కడ పేరులో మొదటి అక్షరం కుండలీకరణంలోనే ఉంటుంది. అది షేతు కాదు, వేరే పాలకుడి పేరని వాదించే పండితులున్నారు. అదే గ్రంథంలో కొంచెం ముందు 'షేతు తరం' నశించనిదిగా కనబడుతుంది. రెండో చోటును ఆధారం చేసుకోవచ్చు, మొదటిదాన్ని చేసుకోకూడదు.